ఇంగ్లీషు క్రియ దగ్గర తడబడితే, ముందు తెలుగు క్రియను అడగండి

మీ ప్రశ్న చదివాను. ఉద్యోగంలో చేరి ఏడు నెలలైందన్నారు. మీరు రాసిన మెయిల్‌లో మూడు వాక్యాల కింద టీమ్ లీడ్ ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపారన్నారు. ఆ మూడు ఇవి: ‘మేనేజర్ సెడ్ మి టు కీప్ ద ఫైల్ ఇన్ ద షేర్డ్ ఫోల్డర్’, ‘ప్లీజ్ లుక్ ద అటాచ్‌మెంట్ అండ్ టెల్ యువర్ కామెంట్స్’, ‘ప్లీజ్ రిమెంబర్ మి ఆన్ మండే’. సే, టెల్ రెండూ ‘చెప్పు’ కదా, సీ, లుక్, వాచ్ మూడూ ‘చూడు’ కదా, డిక్షనరీ చూసినా ఒకే అర్థం కనిపిస్తోంది, యూట్యూబ్‌లో వచ్చే లిస్టులు బట్టీ పట్టినా మాట్లాడేటప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు, ఏం చేయాలి అని అడిగారు.

నేను ఇరవై మూడేళ్ళుగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. సాయంత్రాలు ఉద్యోగస్తులకు స్పోకెన్ బ్యాచ్ కూడా నడుపుతాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మొదట్లో నేనూ లిస్టులే ఇచ్చేవాణ్ణి. తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే మా అక్క మనవరాలి సంగతి చెప్పాలి.

ఆ పిల్ల పుట్టింది, పెరిగింది డల్లాస్‌లో. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడుతుంది కూడా. మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో ముస్తాబై కనిపించి, ‘అమ్మమ్మా, చూడు, నేను చీర పెట్టుకున్నాను, బొట్టు కట్టుకున్నాను’ అంది. ఇంటిల్లిపాదీ నవ్వాం. పాపం ఆ పిల్ల చేసిన తప్పేముంది? ఇంగ్లీషులో చీరైనా, బొట్టైనా, గాజులైనా, కళ్ళజోడైనా అన్నింటికీ ‘వేర్’ ఒక్కటే. మనకేమో చీర కట్టుకోవాలి, చొక్కా తొడుక్కోవాలి, బొట్టు పెట్టుకోవాలి, గొలుసు వేసుకోవాలి, తలపాగా చుట్టుకోవాలి. కట్టు, పెట్టు, వేయు, తొడుగు, ఈ నాలుగింటికీ అర్థంలో తేడా ఏమిటని ఆ పిల్ల అడిగితే మీరు ఏం చెప్తారు? చీరకైతే కట్టుకోవడం సరే, ముడి ఉంటుంది కాబట్టి అనుకుందాం. మరి కళ్ళజోడు ‘పెట్టుకో’, గొలుసు ‘వేసుకో’ ఎందుకు? జవాబు లేదు. ఏ మాటకు ఏ క్రియ తోడు వస్తుందో మన చెవికి తెలుసు, అంతే. మనం ‘కట్టుకో’ అనే మాటను ఒంటరిగా నేర్చుకోలేదు, ‘చీర కట్టుకో’ అని జంటగా నేర్చుకున్నాం.

ఇంగ్లీషు క్రియల విషయంలో మనం డల్లాస్ పిల్లలం. అర్థాలు పక్కపక్కన పెట్టి తేడా వెతుకుతాం. అసలు తేడా అర్థంలో కంటే ఆ క్రియ పక్కన ఎవరు కూర్చుంటారన్న దాంట్లో ఎక్కువ ఉంటుంది. ఇక ఇంకో సంగతి: చాలాచోట్ల ఆ తేడా తెలుగులో ఇప్పటికే ఉంది. మనం దాన్ని పట్టించుకోకుండా ‘చెప్పు’ అనే పెద్ద సంచీలో అన్నీ పడేసి, తర్వాత ఇంగ్లీషు కష్టంగా ఉందంటాం.

మొదట ‘చెప్పు’నే తీసుకుందాం. మీ మొదటి ఎర్ర గీత అక్కడిదే.

తెలుగులో ‘నాకు చెప్పాడు’ అంటాం. ‘నాతో అన్నాడు’ అంటాం. ‘నాకు అన్నాడు’ అనం కదా. అను అనే క్రియకు ‘తో’ కావాలి, చెప్పు అనే క్రియకు ‘కు’ చాలు. ఇంగ్లీషులో కూడా సరిగ్గా ఇలాంటి ఏర్పాటే ఉంది. ‘సే’ అంటే అనడం. దాని వెనక మనిషి నేరుగా రాలేడు, మధ్యలో ‘టు’ పట్టుకుని రావాలి: ‘హి సెడ్ టు మి’. ‘టెల్’ అంటే ఒకరికి చెప్పడం. దాని వెనక మనిషి నేరుగా వచ్చి కూర్చుంటాడు: ‘హి టోల్డ్ మి’. మనిషి లేకపోతే టెల్‌కి తోచదు. అందుకే ‘మేనేజర్ సెడ్ మి’ తప్పు, ‘మేనేజర్ టోల్డ్ మి’ ఒప్పు. ‘అన్నాడు’ అని పెట్టి చూడండి, కుదిరితే సే. ‘నాకు చెప్పాడు’ అని పెట్టి చూడండి, కుదిరితే టెల్.

ఇక్కడ మనవాళ్ళు ఇంకో గోతిలో పడతారు. ‘నాకు’లో ఉన్న ‘కు’ని అనువాదం చేసి ‘హి టోల్డ్ టు మి’ అంటారు. ‘ఆయన్ని అడిగాను’ అనేటప్పుడు మాత్రం ‘ఆస్క్‌డ్ టు హిమ్’ అని తక్కువమంది అంటారు, ఎందుకంటే అక్కడ తెలుగులో ‘కు’ లేదు, ‘ని’ ఉంది. అంటే తప్పు ఎక్కడ వస్తుందో కూడా తెలుగు విభక్తే ముందుగా చెప్పేస్తోంది. ఎక్స్‌ప్లెయిన్ దగ్గర ఇది తిరగబడుతుంది: ‘నాకు వివరించు’ని ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అంటారు, అక్కడేమో ‘టు’ ఉండాల్సిందే. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’. సజెస్ట్ కూడా ఎక్స్‌ప్లెయిన్ జట్టే.

మనిషి లేకుండా టెల్ వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి చీర, బొట్టు లాంటి జంటలు. అబద్ధం, నిజం, కథ, జోక్, ఈ నాలుగింటికీ టెల్ వస్తుంది: ‘టెల్ ఎ లై’, ‘టెల్ ద ట్రూత్’, ‘టెల్ ఎ స్టోరీ’, ‘టెల్ ఎ జోక్’. హలో, థ్యాంక్స్, సారీ, ఎస్, నో మాత్రం సే. ఎందుకంటే అవి నోటి నుంచి ఊడిపడే మాటలే, ఆ మాటే వస్తువు. మనం ‘అమ్మమ్మకి థ్యాంక్స్ చెప్పు’ అన్నా, ‘అబద్ధం చెప్పకు’ అన్నా ఒకే చెప్పు. ఇంగ్లీషు వాళ్ళు రెండు గదులు కట్టుకున్నారు.

సరదాకి ఒక మాట. టెల్‌కి పాత ఇంగ్లీషులో లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చే వ్యక్తిని ‘టెల్లర్’ అనడం అందుకే. ‘ఆల్ టోల్డ్’ అంటే ఇప్పటికీ మొత్తం లెక్కేస్తే అని. కథ చెప్పడమంటే జరిగినవి ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఎదుటివాడి చేతిలో పెట్టడం అనుకోండి. చేయి చాచిన మనిషి అవసరం అందుకే అని నేను క్లాసులో చెప్తుంటాను. భాషాశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ పిల్లలకు గుర్తుండిపోతుంది.

మీ రెండో వాక్యంలో ‘టెల్ యువర్ కామెంట్స్’ కూడా ఇక్కడిదే. టెల్ పక్కన మనిషి లేడు. పైగా కామెంట్స్‌కి టెల్ అలవాటు లేదు. ‘లెట్ మి నో యువర్ కామెంట్స్’ అనేది ఆఫీసుల్లో అందరూ రాసేది. స్పీక్, టాక్ సంగతి మీకు పెద్ద ఇబ్బంది కాకూడదు. భాష పేరు వస్తే స్పీక్ (‘తెలుగు స్పీక్ చేస్తా’ అని మనమే అంటాం), కబుర్లైతే టాక్, ఫోన్‌లో ఫలానావారితో మాట్లాడాలంటే రెండూ నడుస్తాయి, స్పీక్ కొంచెం మర్యాదగా ఉంటుంది.

ఇప్పుడు చూడు, విను. నాకు బాగా ఇష్టమైన జంట ఇది, ఎందుకంటే తెలుగు ఇక్కడ ఇంగ్లీషు కంటే అందంగా పని చేస్తుంది.

రెండేళ్ళ కింద నా స్టూడెంట్ ఒకడికి ఫోన్‌లో ఇంటర్వ్యూ. మేడ మీద సిగ్నల్ బాగా వస్తుందని మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. బాగానే చెబుతున్నాడు. మధ్యలో అవతలి నుంచి చప్పుడు లేదు. లైన్ కట్ అయిందేమోనని వీడు గట్టిగా, ‘మేడమ్, ఆర్ యు లిజనింగ్ టు మి?’ అన్నాడు. రెండు క్షణాలు నిశ్శబ్దం. ఆవిడ చాలా పొడిగా, ‘ఎస్, ఐ యామ్’ అంది. వాడు అడగాలనుకున్నది ‘వినబడుతోందా?’ అని. వాడి నోట వచ్చింది ‘అసలు నా మాట వింటున్నావా నువ్వు?’ అని. తల్లి కొడుకుని టీవీ ముందు నుంచి లేపేటప్పుడు అనే మాట. ‘కెన్ యు హియర్ మి?’ అంటే సరిపోయేది. వాడికి ఆ ఉద్యోగం వచ్చింది లెండి, కానీ ఆ రెండు క్షణాలు నాకు చెమటలు పట్టాయి.

తెలుగులో విను, వినబడు వేరు. చూడు, కనబడు వేరు. మన ప్రయత్నం ఉంటే విను, చూడు. దానంతట అది చెవిలో, కంట్లో పడితే వినబడు, కనబడు. ఇంగ్లీషులో హియర్, సీ అనేవి ఈ ‘బడు’ జట్టు. లిజన్, లుక్ ప్రయత్నం జట్టు. వాచ్ ఇంకో అడుగు ముందుకు, కదిలేదాన్ని కదులుతున్నంతసేపూ చూడటం. మా క్లాసు గోడ మీద నేను రాసి పెట్టింది ఇది: చెవిన పడితే హియర్, చెవి ఒగ్గితే లిజన్. కంట పడితే సీ, కన్ను తిప్పితే లుక్, కళ్ళప్పగిస్తే వాచ్.

కన్ను తిప్పాలంటే ఎటువైపు తిప్పాలో చెప్పాలి కదా. అందుకే లుక్ వెనక ‘ఎట్’ వస్తుంది. చెవి ఎవరి వైపు ఒగ్గాలో చెప్పాలి, అందుకే లిజన్ వెనక ‘టు’. సీ, హియర్‌లకు దిక్కు అక్కర్లేదు, అవే వచ్చి పడతాయి. మీరు ‘లుక్ ద అటాచ్‌మెంట్’ అన్నారు. ‘లుక్ ఎట్ ద అటాచ్‌మెంట్’ అనాలి. మరి ‘ప్లీజ్ సీ ద అటాచ్‌మెంట్’ అని అందరూ రాస్తారు కదా అంటారేమో. అదీ తప్పు కాదు. రాసిన కాగితాన్ని, పేజీని చూడమనేటప్పుడు సీ వాడతారు, పుస్తకాల్లో ‘ఫలానా పేజీ చూడుము’ అన్నట్టు.

ఈ గోడ మీద సూత్రం అన్ని చోట్లా పనిచేయదని ముందే చెప్పాలి. ‘నిన్న ఆ వార్త విన్నాను’ అంటే మీరు చెవి ఒగ్గారని కాదు, చెవిన పడిందని. అంటే హియర్. తెలుగులో ‘విన్నాను’ అని ఉంది కదా అని లిజన్ పెట్టకండి. ‘చెవిన పడింది’ అని మార్చి చూస్తే తెలిసిపోతుంది. సినిమాకైతే థియేటర్లో చూస్తే సీ గానీ వాచ్ గానీ, టీవీలో, ఫోన్‌లో చూస్తే వాచ్. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి ‘సీ ఎ డాక్టర్’ అంటారు. మనం ‘డాక్టర్‌కి చూపించుకున్నాను’ అంటాం కాబట్టి ‘ఐ షోడ్ టు ద డాక్టర్’ అని వచ్చేస్తుంది. వినేవాడు ‘ఏం చూపించావు?’ అని ఎదురు చూస్తాడు.

మీ మూడో ఎర్ర గీత గురించి చెప్పనివ్వండి, అది చదివి నేను కాఫీ ఒలకబోసుకున్నాను. ‘ప్లీజ్ రిమెంబర్ మి ఆన్ మండే’. మీరు అడగాలనుకున్నది సోమవారం గుర్తుచేయండి అని. రాసింది ‘సోమవారం నాడు నన్ను తలుచుకోండి’ అని. సంవత్సరీకానికి పిలిచినట్టుంది. మీ లీడ్ ఎర్ర గీతతో వదిలేశారంటే మంచివారే.

ఇక్కడ తెలుగు మీకు అరచేతిలో జవాబు పెట్టింది. గుర్తుంచుకో, గుర్తుచేయి. ‘కో’ ఉంటే పని మన మీదే మనం చేసుకునేది: గుర్తుంచుకో అంటే రిమెంబర్. ‘చేయి’ ఉంటే ఎదుటివాడి మీద: గుర్తుచేయి అంటే రిమైండ్. ఈ ‘కొను’ అనే చిన్న తోక తెలుగు క్రియల్లో గొప్ప పనిమంతురాలు. ఇంగ్లీషులో దానికి సమానమైన తోక లేదు, అందుకని వాళ్ళు ఏకంగా వేరే క్రియే పెట్టుకున్నారు. నేర్చుకో అంటే లెర్న్, నేర్పు అంటే టీచ్. అప్పు తెచ్చుకో అంటే బారో, అప్పు ఇవ్వు అంటే లెండ్. ఒక పెన్ను కావాలనుకోండి, ‘కెన్ ఐ బారో యువర్ పెన్’ అన్నా, ‘కెన్ యు లెండ్ మి యువర్ పెన్’ అన్నా ఒకటే పెన్ను. కానీ ‘కెన్ యు బారో మి’ అంటే లెక్క తప్పింది. తెచ్చుకునేది నేను, ఇచ్చేది మీరు. ఎవరు కర్తో చూసుకుంటే చాలు.

ఈ ‘కొను’ని గమనించకపోతే ఎంత ప్రమాదమో ఒక సెలవు చీటీ చెబుతుంది. చాలా ఏళ్ళ కిందట మా స్టాఫ్‌రూమ్‌లో ఒక పెద్దాయన, పేరు అనవసరం, కూతురి పెళ్ళి చేసి వచ్చి, సెలవులను సర్దుబాటు చేయమని చీటీ రాశారు. ‘యాజ్ ఐ మ్యారీడ్ మై డాటర్ ఆన్ ట్వెల్త్...’ అని. అమ్మాయికి పెళ్ళి చేశాను అని ఆయన భావం. పెళ్ళి చేసుకున్నాను అని ఆ వాక్యం. ప్రిన్సిపాల్ గారు చీటీ మీద సంతకం పెట్టే ముందు ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేసి మాట్లాడారు. ‘మ్యారీడ్ మై డాటర్ టు’ అని అల్లుడి పేరు పెట్టినా గండం గడిచేది. ‘మై డాటర్ గాట్ మ్యారీడ్’ అంటే ఇంకా తేలిక. ఇంకో సంగతి, పెళ్ళి చేసుకున్నాను అన్నప్పుడు ‘మ్యారీడ్ విత్ హర్’ అని మనకు వస్తుంది, ‘ఆమెతో పెళ్ళి’ కదా. అక్కడ విత్ వద్దు. ‘మ్యారీడ్ హర్’.

తలుపు వేసి అన్నాను కదా, ఇప్పుడు వేయు, తీయు, పెట్టు. ఈ మూడు తెలుగు ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా పని చేస్తాయి. తలుపు వేస్తాం, తాళం వేస్తాం, లైటు వేస్తాం, ఫ్యాను వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, రోడ్డు వేస్తారు, దోసె వేస్తారు. ఇన్నింటికీ మనసులో ‘పుట్’ అనే ఒకే మాట ఉంటే ‘పుట్ ద ఫ్యాన్’, ‘పుట్ ద డోర్’ అని వస్తుంది. ఇంగ్లీషులో తలుపుకి క్లోజ్ లేదా షట్, తాళానికి లాక్, లైటుకీ ఫ్యానుకీ టర్న్ ఆన్ లేదా స్విచ్ ఆన్, ముగ్గుకి డ్రా, ఓటుకి కాస్ట్, రోడ్డుకి లే. దోసెకు మేక్ చాలు. ఇక్కడ సూత్రం వెతకడం దండగ. డల్లాస్ పిల్లకు మీరు గాజుల సూత్రం చెప్పలేనట్టే, ఇదీ అంతే. జంటలుగా పట్టుకోవాలి. తీయు కూడా ఇలాంటిదే: ఫోటో తీస్తే టేక్, తలుపు తీస్తే ఓపెన్, చెప్పులు తీస్తే టేక్ ఆఫ్. మనవాళ్ళకు ‘రిమూవ్’ మీద ఎందుకో మోజు. ‘రిమూవ్ యువర్ చెప్పల్స్’ అని బోర్డు పెడతారు. తప్పు కాదు, కొంచెం సర్కారు వాసన, అంతే.

వేర్ గురించి పైన చెప్పాను గనక ఒక చిన్న ముక్క. స్నేహితులు కింద బండి మీద హారన్ కొడుతుంటే మీరు పైనుంచి ‘టూ మినిట్స్, ఐ యామ్ వేరింగ్ మై షూస్’ అని అరుస్తారు. వేసుకుంటున్నాను అని మీ ఉద్దేశం. వాళ్ళకు చేరేది ‘నా కాళ్ళకు బూట్లు ఉన్నాయి’ అని. వేసుకునే పనికి ‘పుట్ ఆన్’, వేసుకుని ఉండటానికి ‘వేర్’. తెలుగులో వేసుకుంటున్నాడు, వేసుకుని ఉన్నాడు. మళ్ళీ తేడా మన దగ్గర ఉన్నదే.

డూ, మేక్ గురించి మీరు విడిగా అడిగారు. ఇంటర్నెట్‌లో చెప్పే సూత్రం: పని చేస్తే డూ, కొత్తగా ఏదైనా తయారైతే మేక్. టీ, ఇల్లు, బొమ్మ వరకు బాగానే ఉంటుంది. మరి ‘మేక్ ద బెడ్’ అంటే? పొద్దున్న లేచి దుప్పటి సర్దడం. మంచం వడ్రంగి ఎప్పుడో తయారు చేశాడు. ‘మేక్ ఎ మిస్టేక్’లో తప్పు తయారైందా? కావాలంటే అలా సర్దిచెప్పుకోవచ్చు, నాకు మాత్రం అది తర్వాత అతికించిన కారణంలా అనిపిస్తుంది. మనవాళ్ళకు ‘తప్పు చేశాను’ ఉంది కాబట్టి ‘డిడ్ ఎ మిస్టేక్’ తరచుగా వస్తుంది. మేక్ జట్టులో ఉన్నవాటిలో మీకు ఆఫీసులో రోజూ తగిలేవి: డెసిషన్, మిస్టేక్, కాల్, ప్లాన్, చేంజ్, ప్రామిస్. డూ జట్టులో: వర్క్, హోమ్‌వర్క్, ఫేవర్, బిజినెస్, రీసెర్చ్, టెస్టింగ్. ఈ డజను చాలు ఇప్పటికి. మిగతావి దారిలో కలుస్తాయి.

బ్రింగ్, టేక్‌లతో మీకు ఇబ్బంది లేదనుకుంటాను, తీసుకురా, తీసుకెళ్ళు అని మనకు శుభ్రంగా విడివిడిగా ఉన్నాయి. కానీ కమ్, గో దగ్గర మన మర్యాద అడ్డొస్తుంది. మనం ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు ‘పోతాను’ అనం, అపశకునం. ‘వస్తాను’ అంటాం, మళ్ళీ వస్తాననే భరోసా అందులో ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక సెమినార్‌కి బ్రిటన్ నుంచి ప్రొఫెసర్ వచ్చారు. సాయంత్రం గది ముందు నిలబడి, ‘ఓకే సర్, ఐ విల్ కమ్’ అని చేతులు జోడించి ఇంటికి వచ్చేశాను. మర్నాడు తెలిసింది, ఆయన నేను మళ్ళీ వస్తానని భోజనానికి వెళ్ళకుండా చాలాసేపు కూర్చున్నారట. ‘ఐ షుడ్ గెట్ గోయింగ్’ అంటే సరిపోయేది. ఆ మాట నేర్చుకోవడానికి ఒక పెద్దమనిషిని పస్తు పెట్టాను.

ఇవన్నీ చదివి మన ఇంగ్లీషంతా తప్పే అనుకోకండి. ‘పరీక్ష రాశాను’ నుంచి వచ్చిన ‘రోట్ ద ఎగ్జామ్’ దేశమంతా నడుస్తుంది, మనలో మనం అనుకోవడానికి ఏ దోషమూ లేదు. బ్రిటన్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘టుక్’ గానీ ‘సాట్’ గానీ అనండి, అంతే. ఒక్కదాని దగ్గర మాత్రం జాగ్రత్త: ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ ట్వంటీ ట్వంటీ త్రీ’. సైనిక శిక్షణ పూర్తయితే ‘పాసింగ్ అవుట్’ అనడం బ్రిటన్‌లో కూడా ఉన్నదే. కానీ మామూలు మనిషి ‘పాస్‌డ్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోయాడని. విదేశీ క్లయింట్ ముందు ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.

ఇక బట్టీ సమస్య. లిస్టులు ఎందుకు గుర్తుండవంటే అవి ఇంగ్లీషు క్రియ పేరుతో మొదలవుతాయి. మీ నోట మాట పుట్టేది తెలుగు క్రియతో. దారి అటు నుంచి ఇటు ఉంది, మీరు ఇటు నుంచి అటు బట్టీ పడుతున్నారు. నోట్‌బుక్‌లో పేజీ పైన తెలుగు క్రియ రాయండి: చెప్పు. కింద మీరు నిజంగా వాడే జంటలు మాత్రమే: ‘థ్యాంక్స్ చెప్పు’ ఎదురుగా దాని ఇంగ్లీషు, ‘అబద్ధం చెప్పు’ ఎదురుగా దానిది, ‘పాఠం చెప్పు’ ఎదురుగా టీచ్, ‘పద్యం చెప్పు’ ఎదురుగా రిసైట్. తర్వాతి పేజీ వేయు. దాని తర్వాత పెట్టు, తీయు, పట్టు, కొట్టు. ఓ పది పన్నెండు పేజీలు. ఒకేసారి కూర్చుని నింపకండి. ఏ రోజు ఏది తడబడితే ఆ రోజు ఆ జంటను రాయండి. మీ ఎర్ర గీతలే మీకు మంచి సిలబస్.

రెండోది డిక్షనరీ. మామూలు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ మీకు సే పక్కన ‘చెప్పు’, టెల్ పక్కన ‘చెప్పు’ అనే చూపిస్తుంది, దాని తప్పు కాదు. మీకు కావాల్సింది ఇంగ్లీషు నేర్చుకునే పరాయి భాషలవాళ్ళ కోసం తయారైన లెర్నర్స్ డిక్షనరీ. వాటిలో బాగా పేరున్నది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళది. దాని వెనక ఉన్న మనిషి హార్న్‌బీ, 1924లో జపాన్ వెళ్ళి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన టీచర్. వాళ్ళు తడబడేది అర్థాల దగ్గర కాదు, క్రియ వెనక ఏం రావాలన్న దగ్గర అని గ్రహించి, క్రియల నమూనాలను గుర్తులతో చూపించే డిక్షనరీని తోటివాళ్ళతో కలిసి చేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్ళీ వేసింది. జపాన్ పిల్లల కష్టం మన కష్టం లాంటిదే కాబట్టి మనకు పనికొస్తుంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్రియ వెతికినప్పుడు అర్థం కంటే ముందు నల్లటి అక్షరాల్లో ఉండే చిన్న నమూనా చూడండి. ‘సమ్‌బడీ’ (పొట్టిగా ‘ఎస్‌బీ’) అని ఉంటే అక్కడ మనిషి వస్తాడు, ‘సమ్‌థింగ్’ (పొట్టిగా ‘ఎస్‌టీహెచ్’) అని ఉంటే వస్తువో విషయమో. టెల్ దగ్గర ఎస్‌బీ నేరుగా ఉంటుంది, సే దగ్గర ‘టు’ తర్వాత ఉంటుంది. అర నిమిషం పని.

మాట్లాడేటప్పుడు మాత్రం ఇవేవీ ఆలోచించకండి. ‘సెడ్ మి’ అనేసినా వాక్యం పూర్తి చేయండి. మధ్యలో ఆగి దిద్దుకుంటే టెన్షన్ పెరిగి తర్వాతి మాట కూడా పోతుంది. దిద్దుకునేది మెయిల్‌లో, పంపే ముందు.

ఒకటి మిగిలిపోయింది, మీ మొదటి వాక్యంలో ‘కీప్’. మన ఇళ్ళలో ‘తాళాలు ఎక్కడ పెట్టావు’ని ‘వేర్ డిడ్ యు కీప్ ద కీస్’ అంటాం. పెట్టడానికి పుట్, ఉంచడానికి కీప్. ఆటోవాడికి ‘చిల్లర ఉంచుకో’ అంటే ‘కీప్ ద చేంజ్’, అక్కడ పెట్టు రాదు. కాబట్టి మీ వాక్యంలో సెడ్‌ని టోల్డ్ చేస్తే సగం అయిపోయింది. మిగతా సగం నేను దిద్దలేను. మీ మేనేజర్ ఆ ఫైల్‌ని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టమన్నారా, లేక అందులో ఉన్నదాన్ని తీసేయకుండా ఉంచమన్నారా? మొదటిదైతే పుట్, రెండోదైతే మీరు రాసిన కీపే కరెక్టు. మీ లీడ్ కూడా ఇది అడిగి ఉండాల్సింది.